పొగకు మందు కనిపెట్టిన యూజీన్ హూడ్రీ

మన వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవితాల పేజీలు తెరవకుండానే అందులో ఎవరెవరు ఉంటారో చెప్పేయవచ్చు. అంబేద్కర్ గారు, జాషువా గారు, ఫూలే దంపతులు, అబ్దుల్ కలాం గారు. ఉండాల్సిందే. నేనూ తొమ్మిదో తరగతిలో జాషువా గారి మీద నాలుగు పేజీలు రాసి ఇచ్చాను. చోటు చాలక ఒకటిన్నర పేజీ వేశారు. ఆ సంచిక ఇప్పటికీ మా అమ్మ ట్రంకు పెట్టెలో ఉంది.

ఈసారి పూర్వ విద్యార్థిగా ఏదైనా రాయమని అడిగారు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను కాబట్టి ఒక శాస్త్రవేత్త గురించి రాస్తే బాగుంటుందని వార్డెన్ గారి సలహా. యూజీన్ హూడ్రీ అని పేరు చెబితే ఆయన కూడా ఎప్పుడూ వినలేదన్నారు. కానీ తమ్ముళ్ళూ, మీలో గాజువాక, మల్కాపురం వైపు తిరిగేవాళ్ళు హూడ్రీ గారి పనిని రోజూ చూస్తూనే ఉన్నారు. అక్కడి రిఫైనరీలో బరువైన నూనెను పెట్రోలుగా విరగ్గొట్టే విద్యకు దారి వేసింది ఆయన నడివయసు కృషి. రోడ్డు మీద మీ పక్క నుంచి పోయే పెట్రోలు కారు అడుగున, సైలెన్సరుకు ముందు ఉండే చిన్న డబ్బా ఆయన చివరి వయసు కృషి. మొదటిది ప్రపంచానికి పెట్రోలును పెంచి ఇచ్చింది. రెండోది ఆ పెట్రోలు వదిలిన పొగను బాగుచేయడానికి పుట్టింది. రెండింటి వెనుకా ఉన్నది ఒక్కరే.

ఆయన పేరు క్లాసులో విన్నా, జీవితం చదవాలనిపించింది మాత్రం మా బావ కారు వల్ల. బావ ఒక సెకండ్ హ్యాండ్ పెట్రోలు కారు కొని అరకు, సింహాచలం, అన్నవరం ట్రిప్పులు తిప్పుతుంటాడు. బీఎస్-4 బండి. పోయిన ఏడాది అది ఘాట్ రోడ్డు ఎక్కలేక ఆయాసపడటం మొదలుపెట్టింది. షెడ్డులో మెకానిక్ చూసి, లోపల కన్వర్టర్ చచ్చిపోయిందని, దాన్ని కోసేసి మామూలు గొట్టం వెల్డింగ్ చేస్తే బండి పరిగెడుతుందని, పాత డబ్బా తనకిస్తే ఎదురు డబ్బులిస్తానని చెప్పాడు. మా ఇళ్ళల్లో డిగ్రీ పాసైనవాడిని నేనొక్కడినే. అందుకని బావ నాకు ఫోన్ చేశాడు. ఇనప డబ్బా చావడమేమిటి, దానికేమైనా ప్రాణం ఉంటుందా అని అడిగాడు.

ఉత్ప్రేరకం రసాయన చర్య వేగాన్ని పెంచుతుంది, తాను మాత్రం చివరికి మార్పు లేకుండా మిగులుతుంది. ఇది మనమందరం వల్లె వేసిన వాక్యమే. హైస్కూల్లో పొటాషియం క్లోరేటుకు మాంగనీస్ డయాక్సైడు కలిపి వేడి చేసి ఆక్సిజన్ తయారు చేసినప్పుడు సారు చెప్పిందీ ఇదే. మార్పే లేని వస్తువు ఎలా చస్తుంది? ఆ రోజు బావకు సరైన జవాబు చెప్పలేకపోయాను. సిగ్గేసింది. జవాబు వెతుకుతూ పోతే, హూడ్రీ గారి జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగిందని తెలిసింది.

యూజీన్ హూడ్రీ 1892 ఏప్రిల్ 18న ఫ్రాన్సులో, పారిస్ నగరానికి దగ్గరలోని దోమోన్ అనే ఊళ్ళో జన్మించారు. తండ్రి ఉక్కు నిర్మాణాల కంపెనీ యజమాని. మన పేజీల్లో సాధారణంగా వీధి దీపం కింద చదువుకున్న వారి కథలే వస్తాయి. ఈయన అలాంటివారు కాదు. కలిగిన ఇంట పుట్టారు. ఇనుము మోగే చప్పుడు మధ్య పెరిగారు కాబట్టి ఉక్కు నగరం పిల్లలమైన మనకు ఆ ఒక్క విషయంలో చుట్టమనుకోవచ్చు. పారిస్ లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి 1911లో తరగతిలో ప్రథముడిగా ఉత్తీర్ణులయ్యారు. ప్రభుత్వ బంగారు పతకం పొందారు. కళాశాల ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్ కూడా ఆయనే. ఆ జట్టు జాతీయ ఛాంపియన్ అయ్యింది. చదువులో ఫస్టు వచ్చేవాడు ఆటలకు పనికిరాడనే మాట మన హాస్టల్లోనూ ఉంది, అందుకే ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను.

చదువయ్యాక తండ్రి కంపెనీలో చేరారు. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1917 ఏప్రిల్ లో జూవాంకూర్ దగ్గర ఫ్రెంచి సైన్యం మొదటిసారి ట్యాంకులను యుద్ధంలోకి దించింది. ఆ రోజు పాడైపోయిన ట్యాంకులను కాల్పుల మధ్యనే బాగుచేయించే పనిలో ఉండి హూడ్రీ తీవ్రంగా గాయపడ్డారు. ఆ సాహసానికి సైనిక పతకాలు వచ్చాయి. ఆగిపోయిన యంత్రాన్ని వదిలేయకుండా అక్కడికక్కడే మళ్ళీ నడిపించాలనే పట్టుదల ఆయనలో చివరిదాకా కనిపిస్తుంది. నా ఊహ కావచ్చు గాని, దానికి మొదలు ఆ యుద్ధభూమిలోనే పడిందనిపిస్తుంది.

యుద్ధం ముగిశాక ఆయనకు కార్ల పందేల పిచ్చి పట్టుకుంది. 1922లో అమెరికా వెళ్ళి ఇండియానాపోలిస్ లో జరిగే 500 మైళ్ళ పందెం చూశారు, డెట్రాయిట్ లో ఫోర్డు కార్ల కర్మాగారం చూశారు. కార్లు ఇంత వేగంగా పెరుగుతుంటే వాటికి సరిపడా మంచి పెట్రోలు ఎక్కడి నుంచి వస్తుందన్న దిగులు పట్టుకుంది. ఫ్రాన్సుకు సొంతంగా చమురు బావులు లేవనే చెప్పాలి. లిగ్నైట్, అంటే నాసిరకం గోధుమరంగు బొగ్గు, మాత్రం ఉంది. అదే ఏడాది నీస్ పట్టణంలో ప్రూడోమ్ అనే ఫార్మసిస్టు లిగ్నైట్ నుంచి పెట్రోలు తీసే పద్ధతి కనిపెట్టాడని విని హూడ్రీ ఆయనతో కలిశారు. మెకానికల్ ఇంజనీరు కాస్తా కెమిస్ట్రీలోకి వచ్చిపడ్డారు.

ఆ తర్వాతి ఏడేళ్ళు ఆయన సొంత డబ్బు, స్నేహితుల డబ్బు, చివరికి ఫ్రెంచి ప్రభుత్వ సహాయం కూడా లిగ్నైట్ లోనే పోశారు. 1929లో రోజుకు 60 టన్నుల లిగ్నైట్ ను మార్చగల కర్మాగారం నడిచింది. పెట్రోలు వచ్చింది. కానీ దాని ఖర్చు మామూలు పెట్రోలు ధరకు అందకుండా పోయింది. ప్రభుత్వం సహాయం ఆపేసింది. కర్మాగారం మూతపడింది.

అయితే ఆ ఏడేళ్ళలో ఆయన చేతికి ఒక విద్య వచ్చింది. ముడి చమురును మరగబెడితే తేలికైన పెట్రోలు పైకి వస్తుంది, అడుగున చిక్కటి బరువైన నూనె మిగులుతుంది. ఆ నూనెలో కార్బన్ గొలుసులు చాలా పొడవు. వాటిని విరిస్తే మళ్ళీ పెట్రోలు వస్తుంది. అప్పట్లో విపరీతమైన వేడి, ఒత్తిడి పెట్టి విరిచేవారు. హూడ్రీ ఆ పనిని ఉత్ప్రేరకంతో చేయాలనుకుని వందల రకాల పదార్థాలు వేసి చూశారు. చివరికి పనికొచ్చింది బంగారమో ప్లాటినమో కాదు, ఆమ్లంతో శుద్ధి చేసిన ఒక రకం బంకమన్ను. అందులో ఉండేవి సిలికా, అల్యూమినా. దాని మీదుగా వేడి నూనె ఆవిరిని పంపితే మెరుగైన పెట్రోలు వచ్చింది. ఇంజను టకటక కొట్టుకోకుండా సాఫీగా మండే గుణానికి ఆక్టేన్ అంకె అని పేరు. హూడ్రీ పెట్రోలుకు ఆ అంకె ఎక్కువ.

ఇక్కడే మా బావ ప్రశ్న మొదటిసారి ఎదురైంది. నూనె విరుగుతున్నప్పుడు కొంత కార్బన్ మసిలాగా ఆ మన్ను మీద పేరుకుంటుంది. దీన్ని కోక్ అంటారు. మన ఉక్కు ఫ్యాక్టరీ కోక్ కాదు, పొయ్యి మీద గిన్నె అడుగున పట్టే మసి లాంటిది. కొద్ది నిమిషాల్లోనే ఉత్ప్రేరకం పైభాగమంతా మసి కమ్ముకుని పని ఆగిపోతుంది. అంతకుముందు ఈ దారి తొక్కినవారు ఇక్కడే ఆగిపోయారు. పుస్తకంలో మార్పు చెందదని రాసిన వస్తువు కర్మాగారంలో నిమిషాల్లో అలిసిపోతోంది.

హూడ్రీ ఏం చేశారంటే, మసి పట్టిన ఉత్ప్రేరకాన్ని పారేయకుండా దాని మీదికి గాలి పంపి ఆ మసిని మండించారు. కోక్ కాలిపోయింది, మన్ను మళ్ళీ కొత్తదైంది. వినడానికి చిన్న ఉపాయమే. కానీ మంట మరీ ఎక్కువైతే మన్నులోని సూక్ష్మ రంధ్రాలు కూలిపోయి అది శాశ్వతంగా పాడవుతుంది. తక్కువైతే మసి పోదు. అందుకని పక్కపక్కనే పాత్రలు పెట్టి, ఒకదానిలో నూనె విరుగుతుంటే ఇంకోదానిలో మసి కాలేటట్టు, కవాటాలు వాటంతటవే గడియారం ప్రకారం మారేటట్టు ఏర్పాటు చేశారు. మసి కాలిన వేడిని కూడా వృథా పోనీయకుండా వాడుకున్నారు. కెమిస్ట్రీ విద్యార్థిగా ఇది చదివినప్పుడు నాకు అసూయ కలిగింది. ఇది ఒక కెమిస్టుకు కాక, కవాటాలూ గొట్టాలూ తెలిసిన మెకానికల్ ఇంజనీరుకే తట్టాల్సిన ఆలోచన.

1930లో అమెరికాలోని వాక్యూమ్ ఆయిల్ కంపెనీ ఆహ్వానం మీద ప్రయోగశాలతో సహా న్యూజెర్సీ రాష్ట్రంలోని పాల్స్‌బరోకు తరలి వెళ్ళారు. 1931లో హూడ్రీ ప్రాసెస్ కార్పొరేషన్ ఏర్పడింది. అవి ఆర్థిక మాంద్యం రోజులు. డబ్బు చాలక మరో భాగస్వామిని వెతుక్కోవాల్సి వచ్చింది. సన్ ఆయిల్ కంపెనీ ముందుకొచ్చింది. 1936లో పాల్స్‌బరోలో రోజుకు 2,000 పీపాల యూనిట్, 1937లో పెన్సిల్వేనియాలోని మార్కస్ హుక్ లో 12,000 పీపాల యూనిట్ ప్రారంభమయ్యాయి. లోపలికి పోసిన బరువు నూనెలో దాదాపు సగం మేలురకం పెట్రోలుగా బయటికి వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఈ యూనిట్లు సిద్ధంగా ఉండటం మిత్రరాజ్యాల అదృష్టం. యుద్ధ విమానాలకు 100 ఆక్టేన్ పెట్రోలు కావాలి. దానికి ముడిసరుకు హూడ్రీ యూనిట్ల నుంచి పెద్ద ఎత్తున వచ్చింది. అటు ఫ్రాన్సు జర్మనీ చేతికి చిక్కి విషీలో ఒక ప్రభుత్వం ఏర్పడితే, హూడ్రీ దాన్ని ఒప్పుకోలేదు. అమెరికాలో డిగాల్ కు మద్దతుగా పనిచేసిన సంస్థకు అధ్యక్షుడయ్యారు. విషీ ప్రభుత్వం ఆయన ఫ్రెంచి పౌరసత్వాన్ని రద్దు చేసింది. ట్యాంకుల మధ్య దెబ్బలు తిన్న సైనికుడిని పౌరుడు కాదు పొమ్మన్నారు! 1942లో ఆయన అమెరికా పౌరుడయ్యారు.

అదే 1942లో ఆయన పద్ధతికి పోటీ కూడా పుట్టింది. హూడ్రీ లైసెన్సు రుసుము కట్టడం ఇష్టం లేని పెద్ద కంపెనీలు ఉత్ప్రేరకాన్ని ఒకచోట కదలకుండా ఉంచే బదులు, పిండిలాంటి పొడిగా చేసి నీళ్ళలా పారించే పద్ధతి తెచ్చాయి. పొడి ఒక పాత్రలో నూనెను విరిచి, మసితో రెండో పాత్రలోకి పారి, అక్కడ కాలి శుభ్రమై, మళ్ళీ మొదటి పాత్రలోకి వస్తుంది. దీన్నే ఫ్లూయిడ్ క్యాటలిటిక్ క్రాకింగ్ అంటారు. 1957లో కాల్టెక్స్ కంపెనీ ప్రారంభించి, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసిన మన విశాఖ రిఫైనరీలో ఉన్నవి ఈ రకం యూనిట్లే. పొడి తిరగడం వేరేవాళ్ళ ఆలోచన. మసిని కాల్చి ఉత్ప్రేరకాన్ని బతికించుకుంటూ నడపడం హూడ్రీ వేసిన బాట.

యాభై ఎనిమిదేళ్ళకు ఇంత సాధించినవారు ఎవరైనా విశ్రాంతి తీసుకుంటారు. హూడ్రీ దృష్టి పెట్రోలు తయారీ మీద నుంచి పెట్రోలు పొగ మీదికి మళ్ళింది. అమెరికాలో లాస్ ఏంజెలస్ నగరం మీద 1943 నుంచి కళ్ళు మండించే మంచు తెరలు దిగేవి. ఒక వైపు సముద్రం, మిగతా వైపుల కొండలు. లోపల పుట్టిన పొగ తొందరగా బయటికి పోదు. మన ఊరి ఆకారమూ అలాంటిదే కదా. యారాడ కొండ ఒక పక్క, కైలాసగిరి, సింహాచలం కొండలు ఇంకో పక్క, మధ్య గిన్నెలో ఓడరేవు, ఫ్యాక్టరీలు, మనం. కారు పొగలోని కాలని హైడ్రోకార్బన్లు, నత్రజని ఆక్సైడులు ఎండలో చర్య జరిపి ఆ మంచును పుట్టిస్తున్నాయని హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త 1950 తర్వాత తేల్చారు.

వాహనాల పొగకూ ఊపిరితిత్తుల క్యాన్సర్ కూ సంబంధం ఉండవచ్చని హూడ్రీ ఆందోళన చెందారు. 1950 ప్రాంతంలో ఆక్సీ-క్యాటలిస్ట్ అనే సంస్థ స్థాపించారు. పింగాణీ కడ్డీల మీద అల్యూమినా పూత, దాని మీద పలుచగా ప్లాటినం. వేడి పొగ వాటి మధ్య నుంచి వెళ్తుంటే కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోలు ఆవిరి అక్కడే ఆక్సిజన్ తో కలిసి కార్బన్ డయాక్సైడు, నీరుగా మారిపోతాయి. 1956లో ఆయనకు దీని మీద అమెరికా పేటెంటు వచ్చింది. ఫ్యాక్టరీ గొట్టాలకు బిగించారు. గోదాముల్లో మూసిన గోడల మధ్య తిరిగే ఫోర్క్ లిఫ్ట్ బండ్లకు బిగించారు. అక్కడ పనిచేసింది. కూలీలకు ఊపిరి ఆడింది.

రోడ్డు మీది కార్లకు బిగిస్తే మాత్రం కొద్దికాలంలోనే చచ్చిపోయింది. కారణం సీసం. 1921లో అమెరికాలో మిడ్‌గ్లీ అనే ఇంజనీరు, టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసపు పదార్థం కొద్దిగా కలిపితే పెట్రోలు ఆక్టేన్ అంకె చౌకగా పెరుగుతుందని కనిపెట్టాడు. అప్పటి నుంచి దాదాపు ప్రతి బంకులోనూ సీసం కలిపిన పెట్రోలే. ఇంజనులో మండిన తర్వాత ఆ సీసం పొగతో వచ్చి ప్లాటినం మీద పూతలా అతుక్కుంటుంది. ఇంటర్ లో ఉపరితల రసాయన శాస్త్రం పాఠంలో ఉత్ప్రేరక విషాలు అని ఒక పేరా ఉంటుంది, రెండు మార్కుల ప్రశ్న. స్పర్శా విధానంలో ప్లాటినాన్ని ఆర్సెనిక్ పాడుచేయడం అందులో ఉదాహరణ. హూడ్రీ గారి డబ్బాకు జరిగింది సరిగ్గా అదే.

ఇక్కడ నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. ఆయన మొదటి ఉత్ప్రేరకానికి పట్టింది మసి. మసిని గాలితో కాల్చి వదిలించవచ్చు. రెండోదానికి పట్టింది సీసం. అది కాలదు, ఊడదు. యంత్రాన్ని ఎంత బాగుచేసినా లాభం లేదు, బంకులో పోసే పెట్రోలే మారాలి. పైగా ఆ సీసం హూడ్రీకి పరాయిది కూడా కాదు. యుద్ధ విమానాల 100 ఆక్టేన్ పెట్రోలులో ఆయన యూనిట్ల సరుకుతో పాటు సీసమూ కలిసే ఉండేది. ఆయన మొదటి విజయంలో పక్కన నిలబడ్డదే రెండో పనిని చంపింది. ఆయన దీని గురించి ఎంత బాధపడ్డారో నాకు తెలియదు. పని మాత్రం ఆపలేదు. 1959లో అమెరికా రసాయన పరిశ్రమ ఇచ్చే పెర్కిన్ పతకం అందుకున్నారు. 1962 జులై 18న పెన్సిల్వేనియాలో డెబ్భయ్యో ఏట కన్నుమూశారు. అప్పటికి అమ్మకానికి వచ్చే కారు ఒక్కదానికీ ఆయన డబ్బా లేదు.

1970లో అమెరికా స్వచ్ఛ వాయు చట్టాన్ని గట్టిగా సవరించింది. కంపెనీలు తప్పించుకోలేని పరిస్థితి వచ్చింది. కన్వర్టర్ కావాలంటే సీసం లేని పెట్రోలు కావాలి. 1974 నుంచి అక్కడి బంకుల్లో అది దొరికింది, 1975 మోడల్ కార్లకు కన్వర్టర్లు వచ్చాయి. హూడ్రీ పోయి 13 ఏళ్ళు. ఆ తర్వాత ఎంగెల్‌హార్డ్ కంపెనీలో మూనీ, కీత్ అనే శాస్త్రవేత్తలు నత్రజని ఆక్సైడులను కూడా విడగొట్టే మూడు పనుల కన్వర్టర్ తయారు చేశారు. ఇప్పటి పెట్రోలు కార్లలో ఉన్నది దాదాపు అదే. లోపల పింగాణీతో చేసిన తేనెపట్టు. దాని సన్నని గదుల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం కలిపి కొద్ది గ్రాములు. షెడ్డు వాళ్ళు పాత డబ్బా కోసం ఎదురు డబ్బులివ్వడం దేనికో ఇప్పుడు అర్థమైంది కదా.

మన దేశంలో 1995 ఏప్రిల్ 1న ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేశారు. సీసం లేని పెట్రోలు అదే రోజు నుంచి ఆ నగరాల్లో అమ్మారు. దేశమంతటా సీసం పోయింది 2000 ఫిబ్రవరి 1 నుంచి. అంటే ఈ సంచిక చదువుతున్న హాస్టల్ తమ్ముళ్ళలో ఎవరూ మన రోడ్ల మీద సీసం పొగ పీల్చలేదు. మీ నాన్నలు పీల్చారు. ప్రపంచంలో చివరిగా అల్జీరియా దేశం 2021లో ఆపింది. హూడ్రీ డబ్బా పెట్రోలు నుంచి సీసాన్ని తరిమింది. సీసం లేకపోవడం వల్ల పసిపిల్లల మెదళ్ళకు జరిగిన మేలు చూస్తే, ఆయన అనుకున్న మేలు కంటే అనుకోని మేలే పెద్దదేమో అనిపిస్తుంది.

మరి కన్వర్టర్ ఎన్నాళ్ళు బతుకుతుంది? అమెరికాలో దానికి 8 ఏళ్ళు లేదా 80,000 మైళ్ళ వారంటీ ఇవ్వాలని నిబంధన. మన బీఎస్-6 కార్లకు 1,60,000 కిలోమీటర్ల వరకు పొగ నియంత్రణ పరికరాలు నిలవాలని నియమం. బండి బాగుంటే అది బండితో పాటే బతుకుతుంది. దాన్ని ముందుగా చంపేవి కొన్ని ఉన్నాయి. ఇంజన్ ఆయిల్ కాలితే అందులోని భాస్వరం పూతలా పడుతుంది. పెట్రోలులోని గంధకం దాన్ని మందగింపజేస్తుంది. అందుకే బీఎస్-4 లో 50 పీపీఎం ఉన్న గంధకాన్ని 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 లో 10 పీపీఎంకు తగ్గించారు. ఇక అన్నిటికంటే త్వరగా చంపేది మిస్‌ఫైర్. ఒక సిలిండర్లో నిప్పు సరిగ్గా పడకపోతే కాలని పెట్రోలు నేరుగా కన్వర్టర్లోకి వచ్చి అక్కడ మండుతుంది. వేడి హద్దు దాటితే తేనెపట్టు కరిగి ముద్దవుతుంది. అప్పుడు పొగ పోయే దారే మూసుకుపోయి బండికి ఊపిరాడదు. హూడ్రీ గారు తన మన్ను విషయంలో భయపడిన అతి వేడి ఇదే.

ఇదంతా చదివాక బావను ఇంకో షెడ్డుకు తీసుకెళ్ళి ప్లగ్గులు, కాయిళ్ళు చూపించాను. ఒక ఇగ్నిషన్ కాయిల్ పోయింది. నెలల తరబడి మిస్‌ఫైర్ తోనే ఘాట్ ఎక్కించాడన్నమాట. కాయిల్ మార్చడానికి పెద్దగా ఖర్చు కాలేదు. కానీ కన్వర్టర్ అప్పటికే కరిగిపోయింది. కంపెనీ కొత్త కన్వర్టర్ ధర బావ రెండు నెలల సంపాదన కంటే ఎక్కువ. అక్కకు అప్పుడు ఏడో నెల. నేను ఏమీ అనలేకపోయాను. మొదటి మెకానిక్ చెప్పినట్టే మామూలు గొట్టం వేయించాడు. బండి పరిగెట్టింది.

ఇప్పుడు పరీక్ష సంగతి. పెట్రోలు బండిని నిలబెట్టి, ఇంజన్ ఆన్ లో ఉంచి, పొగ గొట్టంలోకి ఒక గొట్టం దూర్చుతారు. లోపలికి లాగిన పొగ గుండా పరారుణ కాంతిని పంపిస్తారు. కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉంటే అంత కాంతిని తాగేస్తుంది. ఆ తేడాను బట్టి అంకె వస్తుంది. బీఎస్-4 పెట్రోలు కారుకు అది 0.3 శాతం దాటకూడదు, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. కన్వర్టర్ లేని పాత కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం వరకు ఒప్పుకునేవారు. పది రెట్ల తేడా! ఆ తేడాలో ఎక్కువ భాగం చేసేది ఆ కొద్ది గ్రాముల లోహమే. డీజిల్ బండికైతే పరీక్ష వేరు, పొగ ఎంత నల్లగా ఉందో కాంతితోనే కొలుస్తారు. బీఎస్-4 బండికి సర్టిఫికెట్ ఏడాదికి, అంతకంటే పాతవాటికి ఆరు నెలలకు ఇస్తారు.

కన్వర్టర్ తీసేసిన బావ కారుకు సర్టిఫికెట్ వచ్చింది. నేనూ పక్కనే ఉన్నాను. నంబరు ప్లేటు ఫోటో తీశారు, డబ్బులు తీసుకున్నారు, కాగితం ఇచ్చారు. గొట్టంలో ఏమీ పెట్టలేదు. కాగితం మీద అంకెలు మాత్రం చక్కగా హద్దు లోపలే ఉన్నాయి. అక్కడ నిలబడి హూడ్రీ గారి పేరు తలుచుకోవడానికి మొహం చెల్లలేదు.

హూడ్రీ గారి పేరును 1990లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ పట్టికలో చేర్చారు. మార్కస్ హుక్ లో ఆయన కృషికి గుర్తింపుగా అక్కడి రసాయన శాస్త్ర సంఘం ఒక ఫలకం పెట్టింది.

బావ కారు సర్టిఫికెట్ గడువు వచ్చే నెలతో అయిపోతుంది. ఈసారి గొట్టంలో ప్రోబ్ పెట్టి చూసే చోటికే తీసుకెళ్దామని అన్నాను. అక్కడ పాస్ కాదని నాకూ తెలుసు, బావకూ తెలుసు. మేనకోడలికి ఇప్పుడు ఎనిమిదో నెల, కారు స్టార్ట్ చేస్తే చాలు పాక్కుంటూ వాకిట్లోకి వచ్చేస్తుంది. కన్వర్టర్ ధర ఇప్పుడెంతుందో మళ్ళీ ఒకసారి కనుక్కోమన్నాడు బావ.